కానుకల పళ్లెం వెస్ట్రీలోకి వెళ్లాక: జంటనగరాల సంఘ కమిటీలకు బహిరంగ లేఖ

హైదరాబాద్, సికింద్రాబాద్ సంఘాల పాస్టరేట్ కమిటీ సభ్యులకు, విచారణ (పారిష్) మండళ్ల పెద్దలకు, అయ్యగార్లకు (పాస్టర్లకు),

ప్రభువు నామమున వందనాలు.

కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర, కోతపండుగ సరుకుల దగ్గర, ప్రేమవిందు పొయ్యిల దగ్గర, మార్చి నెలాఖరున ఆడిట్‌కు పుస్తకాలు సర్దే చోట పనిచేసే కొందరం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మాలో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లున్నారు, మెథడిస్టులున్నారు, బాప్టిస్టులూ కథోలికులూ ఉన్నారు. ఆరాధన క్రమాల్లో ఎన్ని తేడాలున్నా, కానుకలు లెక్కపెట్టే వెస్ట్రీ గదిలో జరిగే పొరపాట్లు మాత్రం అన్నిచోట్లా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

త్యాగం చేసి ఇవ్వమని ప్రసంగ వేదిక మీది నుంచి ఏటా అడుగుతూనే ఉన్నాం. రెండు కాసులు వేసిన బీద విధవరాలి మాట వినని విశ్వాసి మన సంఘాల్లో ఉండడు. మార్కు 12లో ఆ కథకు సరిగ్గా ముందున్న 40వ వచనాన్ని ఎంతమంది చదివి వినిపిస్తారు? విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి హెచ్చరించి, ఆ వెంటనే ప్రభువు కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. వేసేవాళ్లను చూశాడు, ఆ పెట్టె ఎవరి అధీనంలో ఉందో కూడా ఆయన ఎరగనిది కాదు. మా మటుకు మాకు ఆ భాగంలో సగం ఇచ్చేవాళ్లకు, సగం కమిటీలకు రాసినట్టే అనిపిస్తుంది. ఈ ఉత్తరం ఆ రెండో సగం గురించి.

మా మనవి చిన్నదే. సంఘాన్ని త్యాగం అడిగే ముందు కమిటీ తన వంతు చెల్లించాలి. ఆరాధన అయ్యాక ఇంట్లో భోజనం చల్లారిపోతున్నా ముప్పావుగంట కూర్చుని లెక్క తేల్చడం, ఇచ్చినది ఎక్కడికి పోవాలో అక్కడికి చేరేదాకా వెంటపడటం: ఆ వంతు అంతే. చప్పట్లు రాని పని కాబట్టే అది వాయిదా పడుతూ ఉంటుంది.

ముందు లెక్క సంగతి. పళ్లెం వెస్ట్రీలోకి వచ్చాక దాన్ని ఒక్కరే ముట్టకూడదు. ఇద్దరు కూర్చోవాలి. ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్లు కాకూడదు, బావా బామ్మర్దులూ కాకూడదు. లెక్క అందుకునేది ట్రెజరరే కాబట్టి లెక్కపెట్టే ఇద్దరిలో ఆయన లేకపోతే ఇంకా మేలు. ఆరు వారాలకోసారి జంటలు మారాలి. ఇలా అడిగితే కొందరు ట్రెజరర్లు నొచ్చుకుంటారు, 'నా మీద నమ్మకం లేదా' అంటారు. రెండో రాజుల గ్రంథం 12లో యాజకుడైన యెహోయాదా పెట్టె మూతకు బెజ్జం పెట్టించి బలిపీఠం పక్కన ఉంచాడు. అది నిండినప్పుడు రాజు తరఫు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి వచ్చి లెక్క చూసి సంచుల్లో కట్టేవారు. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన ధనం పంపేటప్పుడు పౌలు తీతుకు తోడుగా మరో ఇద్దరు సహోదరులను జతచేశాడు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా ఉండేందుకే అలా చేశానని 2 కొరింథీ 8లో తానే రాసుకున్నాడు. అపొస్తలుడికి అవసరమైన జాగ్రత్త మన ట్రెజరర్‌కు అవమానం ఎందుకవుతుంది?

షీటు ఇలా ఉండాలి. పైన తేదీ, ఏ ఆరాధన అన్నది (తెల్లవారి తెలుగు ఆరాధన, ఇంగ్లిషు ఆరాధన, సాయంకాలపుది, దేనికదే). కింద 500, 200, 100, 50, 20, 10 నోట్లు ఎన్నెన్ని, నాణేలు ఎంత. పళ్లెంలో విడిగా పడ్డది ఒక వరుస, కవర్లలో వచ్చింది ఒక వరుస, కృతజ్ఞత కానుకలు ఇంకో వరుస. బాల్‌పెన్‌తోనే రాయాలి. కొట్టివేత ఉంటే దాని పక్కన ఇద్దరి పొడి సంతకాలు. మూడు నకళ్లు తీయాలి: ఒకటి బ్యాంకు స్లిప్పుకు పిన్ చేసి ట్రెజరర్ దగ్గర, ఒకటి సెక్రటరీ ఫైల్లో, మూడోది నోటీసు బోర్డు మీద. ఈ మూడోదే ముఖ్యం. బోర్డు మీద అంకె చూసుకున్న సభ్యుడికి తాను వేసిన 20 రూపాయలు కూడా అందులో ఉన్నాయని తెలుస్తుంది. సోమవారం బ్యాంకులో వేసిన మొత్తం, ఆ షీటులోని మొత్తం రూపాయి తేడా లేకుండా ఒకటే కావాలి.

అవి కలవకుండా చేసేది సాధారణంగా దొంగతనం కాదు, సౌకర్యం. పూలకు 600, మైకు అబ్బాయికి 500, అతిథి ప్రసంగీకుడి కారుకు 400 చొప్పున పళ్లెంలోంచే తీసి ఇచ్చేసి, మిగిలింది ఈ వారం కానుక అని రాస్తారు. 9,800 వచ్చిన వారం పుస్తకంలో 8,300 పడుతుంది. ఎవరూ ఒక్క పైసా తినలేదు. అయినా రాబడి తగ్గి కనిపిస్తుంది, 1,500 ఖర్చు ఓచర్ లేకుండా మాయమవుతుంది. ఏడాది తర్వాత కమిటీ ఎన్నికలప్పుడు ఆ మాయమైన ఖర్చే ఒకరి మీద నిందగా తిరిగొస్తుంది. దీనికి మందు చాలా మామూలుది: చిల్లర ఖర్చులకు ఐదు వేలతో ఒక నిధి. ఖర్చుపెట్టిన ప్రతిసారీ చిన్న ఓచర్. డబ్బు ఐపోవచ్చినప్పుడు ఆ ఓచర్ల మొత్తానికి చెక్కు రాసి మళ్లీ ఐదు వేలు చేయాలి. పళ్లెం జోలికి మాత్రం వెళ్లకూడదు.

డబ్బు వారాల తరబడి ఎవరింటి బీరువాలోనూ ఉండకూడదు. ఆ ఇంట్లో దొంగలు పడితే పోయేది డబ్బొక్కటే కాదు. నాణేలు బరువని పక్కన పడేస్తారు కానీ, రకం వారీగా వంద చొప్పున చిన్న సంచుల్లో కట్టి పెడితే బ్యాంకు కౌంటర్లో పేచీ ఉండదు. వీధి చివరి కిరాణా కొట్టతనైతే చిల్లర కోసం ఎదురొచ్చి మరీ తీసుకుంటాడు. అలా మార్చినప్పుడు కూడా షీటులో అంకె మారకూడదు సుమా.

కవరు పద్ధతి ఉన్న సంఘాల్లో కవరు మీద పేరు బదులు నంబరు వేయండి. ఏ నంబరు ఎవరిదో రాసిన పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ ఒక్కరు అయ్యగారు కాకూడదు. ఇది అయ్యగారి మీద అనుమానంతో చెప్పడం లేదు. ఎవరెంత ఇస్తున్నారో తెలిసిన మనిషి ఇంటింటికీ ప్రార్థనకు వెళ్లేటప్పుడు ఆ అంకె కూడా అతని వెంటే గుమ్మం దాటుతుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి కుర్చీ వేసే జబ్బు గురించి యాకోబు ఊరికే రాయలేదు.

ఇప్పుడు పళ్లెం పక్కనే క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది. అది సంఘం ఖాతాదేనా అని ఓసారి మీ ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. సెక్రటరీ పేరో, యూత్ లీడర్ పేరో కనిపిస్తే ఈ ఆదివారమే తీసేయండి. 'తర్వాత ట్రాన్స్‌ఫర్ చేస్తాను' అన్నది ఎంత మంచి మనసుతో అన్నా ఆ డబ్బు అతని సొంత ఖాతాలో పడ్డట్టే. అదీగాక, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఫోన్ చెల్లింపుల్లో కుదరదు. పేరుతో సహా మెసేజ్ వచ్చేస్తుంది. ఆ మెసేజ్‌లు ఇద్దరికి మించి పోకుండా చూడండి. వాట్సాప్ గ్రూపులో 'ఫలానా వారు ఇంత పంపారు, ప్రభువు దీవించును గాక' అని స్క్రీన్‌షాట్ పెట్టే అలవాటును అక్కడికక్కడే ఆపండి. పంపలేనివాళ్లు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు.

పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్లు మన సంఘాల్లో తక్కువేం కాదు. ఇక్కడొక చిక్కుంది, చాలా కమిటీలకు తెలియదు. అక్కడ పనిచేస్తున్నా భారత పాస్‌పోర్టే ఉన్న అబ్బాయి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. గ్రీన్‌కార్డు వచ్చినా అంతే. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే మాత్రం అతని కానుక చట్టం దృష్టిలో విదేశీ విరాళం. ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరుల) కార్డు ఉన్నా, సెలవుల్లో వచ్చి ఇక్కడి రూపాయల్లోనే ఇచ్చినా అదే లెక్క. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేనిదే దాన్ని తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత అలాంటి విరాళం మొదట దిగాల్సింది ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే. ఒక సంస్థకు వచ్చిన దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేసే దారి కూడా ఆ సవరణతోనే మూసుకుపోయింది. కాబట్టి గంటస్తంభానికి సాయం చేస్తానన్న ప్రతి ఎన్నారైని ముందుగా అడగాల్సిన ప్రశ్న, మొహమాటమైనా సరే: 'బాబూ, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?'

నగదు విషయంలో 2017 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన అందరికీ వర్తిస్తుంది. ఒకే మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా, అదీ పుచ్చుకున్నవాళ్లకే. ఇక పన్ను మినహాయింపు రసీదు. ఒక మతంవారి మేలుకే ఏర్పడ్డ సంస్థకు, అందరూ 80జి అని పిలిచే ఆ మినహాయింపు సాధారణంగా రాదు. లేనిది ఉన్నట్టు రసీదు రాసి ఇవ్వకండి. తర్వాత నోటీసు వచ్చేది నమ్మి ఇచ్చిన సభ్యుడికి.

ఫలానా పనికని ఇచ్చినది ఆ పనికే పోవాలి. కథోలిక సంఘ ధర్మశాస్త్రం 1267వ నియమం దీన్ని స్పష్టంగానే చెబుతుంది. విశ్వాసులు ఇచ్చినదానికి విశ్వాసులకే లెక్క అప్పజెప్పాలని 1287వ నియమం చెబుతుంది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలన్నది 537వ నియమం. ప్రొటెస్టెంటు సంఘాల నిబంధనావళుల్లో మాటలు వేరు కావచ్చు, ధర్మం ఒకటే. పైకప్పు నిధి నుంచి క్రిస్మస్ లైటింగ్‌కు 'చేబదులు' తీసుకున్న సంఘంలో, మళ్లీ పైకప్పు కోసం అడిగినప్పుడు జనం చేతులు జేబులోకి వెళ్లవు. ప్రతి నిధికీ వేరే బ్యాంకు ఖాతా తెరవక్కర్లేదు. నగదు పుస్తకంలో నిధికో గడి గీసి, నెలకోసారి గడుల మొత్తం బ్యాంకు నిల్వతో సరిపోయిందో లేదో చూసుకుంటే చాలు.

సభ్యులు సంఘానికి కట్టే చందా గురించి గట్టిగానే చెప్పాలి. చావు ఇంట్లో చందా పుస్తకం తెరవకండి. నారాయణగూడ సమాధుల తోటలోనో, బోయిగూడలోనో గుంత తవ్వడానికి మనిషిని మాట్లాడుకుంటూ, పెట్టె తెచ్చుకుంటూ, ఊళ్లోంచి వచ్చేవాళ్ల కోసం చూస్తున్న కుటుంబాన్ని 'మూడేళ్ల బాకీ ఉంది, కట్టి రసీదు తెస్తేనే సమాధికి ఉత్తరం ఇస్తాం' అనడం కానుక అడగడం అనిపించుకోదు. పెళ్లి చాటింపుల దగ్గరా అంతే. నిబంధనావళిలో రాసి ఉంది కదా అంటారు. నిజమే, బాకీ మాఫీ చేసే అధికారం కమిటీకి ఉందని కూడా తీర్మానం రాసుకోవచ్చు కదా. ఏటా జనవరిలో అయ్యగారు, ఇద్దరు పెద్దలు, స్త్రీల సహవాసం నుంచి ఒకరు కూర్చుని బాకీల జాబితా చూడాలి. ఎవరికి పని పోయింది, ఎవరింట్లో మంచం పట్టినవాళ్లున్నారు అన్నది పేర్లు బయటికి రాకుండా తేల్చి, ఏడాది దాటిన బాకీ కొట్టేయాలి. ఇంకోటి. చందాకూ ఓటుకూ ముడి ఉన్న సంఘాల్లో ఎన్నికల ముందు ఒకే చేయి పాతికమంది బాకీలు కట్టే దారి తెరిచే ఉంటుంది. ఎవరి చందా వాళ్లే, లేదా వాళ్ల ఇంటివాళ్లే కట్టాలన్న ఒక్క వాక్యం ఆ దారి మూసేస్తుంది. వార్షిక నివేదికలో పేర్ల ఎదురుగా అంకెలు అచ్చువేయడం కూడా మానేయండి. మొత్తాలు వేస్తే చాలు.

కోతపండుగ వేలానికి వద్దాం. పల్లెల్లో పొలం నుంచి వచ్చిన మొదటి పంట కళ్లెదుట ఉండేది, వేలంలో దాన్ని కొని వండుకునేవాళ్లు. నగరంలో మనం మోండా మార్కెట్‌లోనో, రైతుబజార్‌లోనో శనివారం సాయంత్రం కూరగాయలు కొని తెచ్చి బలిపీఠం ముందు పేరుస్తున్నాం. అది తప్పని అనడం లేదు, వెల ఇచ్చి తెచ్చిందే కదా. అరౌనా కళ్లాన్ని ఊరికే ఇస్తానన్నా దావీదు 50 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు, వెలలేనిది అర్పించనని. తప్పంతా వేలం నడిచే తీరులో ఉంది. మైకులో గుమ్మడికాయ ఐదు వేలు పలుకుతుంది, చప్పట్లు మోగుతాయి. రుమాలులో ఐదు కోడిగుడ్లు కట్టుకొచ్చిన అమ్మ వెనక వరుసలో కూర్చుని ఆ చప్పట్లు వింటుంది. పైగా ఊపులో పాడిన పాట మొత్తం ఆరోజు చేతికి రాదు. 'వేలం బాకీ' అని ఓ కొత్త పద్దు పుట్టి నాలుగేళ్లు పుస్తకంలో వేలాడుతుంది. దీనికి బదులు చీటీల పద్ధతి పెట్టొచ్చు. వస్తువు ముందు ఒక డబ్బా, ఇష్టమైన మొత్తం, ఫోన్ నంబరు రాసి చీటీ వేస్తారు. ఆరాధన తర్వాత డబ్బాలు తెరిచి ఎక్కువ రాసినవాళ్లకు వస్తువు ఇస్తారు, డబ్బు అప్పుడే. ఎవరెంత రాశారో మైకులో చెప్పరు. సందడి తగ్గుతుందన్నది నిజమే, రాబడీ మొదటి ఏడాది తగ్గొచ్చు. ఆకుకూరలు తేవద్దని ముందే ప్రకటించండి, ఆదివారం మధ్యాహ్నానికి వడిలిపోయి చెత్తలో పడతాయి. కంద, గుమ్మడి, కొబ్బరికాయ, కందిపప్పు, నూనె ప్యాకెట్ అయితే మర్నాడు ఎవరింటికైనా పంపొచ్చు.

డిసెంబరు క్యారల్ రౌండ్స్‌లో వచ్చే కవర్లకు కూడా ఆ ఇద్దరి లెక్కే, ఆ షీటే. వ్యాను, డప్పులు, రాత్రి బిరియానీ ఎంతకు మించకూడదో బయల్దేరే ముందే కమిటీలో రాసుకుంటే యువకులతో తగవు రాదు.

ఇచ్చేది ఎలా లెక్కపెట్టాలో ఇంతసేపు చెప్పాం. అసలు ఏది ఇవ్వాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మన అమ్మమ్మలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవారు. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఇలాంటి అలవాటు ఇప్పటికీ ఒక ప్రధాన రాబడి. ఒక పిడికిలి అంటే 40, 50 గ్రాములు. పూటకొకటి చొప్పున రోజుకు రెండు, నెలకు ఇంటికి రెండున్నర నుంచి మూడు కిలోలు. అరవై ఇళ్లు చేస్తే 150 నుంచి 180 కిలోలు అవుతుంది. పిడికెడు తీస్తే పూట భోజనంలో వెలితి తెలిసే ఇళ్లలో పుట్టిన పద్ధతి కాబట్టే అది త్యాగం.

ఇప్పుడు జంటనగరాల్లో ఆ కుండను అలాగే తిరిగి పెట్టిస్తే ఏమవుతుంది? సోనామసూరి, దొడ్డు బియ్యం, పాతవీ కొత్తవీ కలిసిపోతాయి. ఒకటి ఉడికేలోపు ఇంకోటి మెత్తబడుతుంది, మూడో వారానికి పురుగు పడుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. ఆ ఇంటికి మనం పండుగకు పది కిలోల బియ్యం బస్తా మోసుకెళ్లి ఫోటో తీసుకుంటున్నాం. వాళ్లకు కరువైనవి కందిపప్పు, నూనె, గుడ్లు, అద్దె, ఆటో ఖర్చు. కార్డు లేని ఇల్లయితే మాట వేరు, అక్కడ బియ్యమే కావాలి. కనుక సంచి సర్దే ముందు ఒక ప్రశ్న అడిగి రావాలి, అందరికీ ఒకే సంచి పంపకూడదు.

ఆటో ఖర్చు అన్నాం కదా. డయాలసిస్ అవసరమైన మనిషి సాధారణంగా వారానికి మూడుసార్లు వెళ్లాలి, ఒక్కోసారి నాలుగు గంటలు. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగిపోవచ్చు, ప్రయాణం జరగదు. నెలకు పదమూడు సార్లు అంటే రానూపోనూ ఇరవై ఆరు ప్రయాణాలు. తోడొచ్చే భార్యకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కానీ డయాలసిస్ అయ్యాక రోగి అయిన భర్త నీరసంతో బస్సులో నిలబడలేడు. మన సంఘాల ఆవరణల్లో ఆదివారం నిలిపే కార్లు లెక్కపెట్టండి. పదమూడు మంది నెలకొక్కసారి తిరుగు ప్రయాణంలో దింపితే ఒక రోగికి నెలంతా గడుస్తుంది. ఈ రోజుల్లో పిడికెడు బియ్యం అంటే ఇలాంటిదేనని మా అభిప్రాయం: పూటలోంచి తీసిచ్చే ఓ భాగం. పట్టిక మాత్రం ఒక్కరి దగ్గర ఉండాలి. రాలేనని డ్రైవర్ రాత్రే చెప్పకపోతే డయాలసిస్ అయ్యాక రోగి ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఉంటాడు. ప్రతి రోజుకూ ఒక బదులు పేరు రాయనిదే ఈ సేవ మొదలుపెట్టకండి.

ఆసుపత్రి దగ్గర భోజనాలు పెట్టే సంఘాలు చాలా ఉన్నాయి. రెడ్‌హిల్స్ వైపు వెళ్తే నిలోఫర్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దగ్గర దగ్గరే. జిల్లాల నుంచి వచ్చిన తల్లిదండ్రులు బయట చాప వేసుకుని పడుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం, పండుగలకు, పుట్టినరోజులకు అక్కడికి అన్నం తెచ్చేవాళ్లు బాగానే ఉంటారు. మంగళ, బుధవారాల రాత్రి ఎవరొస్తారు? ఆఫీసు నుంచి అలసి వచ్చాక ఆ పూట వెళ్లడమే కష్టం, అందుకే ఆ పూటకు వచ్చేవాళ్లు తక్కువ.

వందమందికి పులిహోర లెక్క: బియ్యం 10 కిలోలు, చింతపండు కిలో, నూనె లీటరుంపావు, పల్లీలు ముప్పావు కిలో, శనగపప్పు 300 గ్రాములు, మినపప్పు 200, పచ్చిమిర్చి పావుకిలో, ఎండుమిర్చి 150 గ్రాములు, పసుపు 50, ఉప్పు 350 నుంచి 400 మధ్య చూసుకుని. అన్నం కాస్త పలుకుగా వార్చి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి అరగంట ఆరనివ్వాలి. తొందరపడి వేడివేడిగా పొట్లాల్లో కడితే ఆవిరి లోపలే నీరై, ఏప్రిల్, మే ఎండల్లో మూడు నాలుగు గంటల్లో వాసన వేస్తుంది. పెరుగన్నం, సాంబారన్నం వేసవిలో అసలు వద్దు. పులిహోరలో పులుపు కొంత కాపాడుతుంది, అయినా వండిన నాలుగు గంటల్లో చేతికి అందాలి. పొట్లంతో పాటు ఉడికించిన గుడ్డు ఇస్తే కడుపు నిండుతుంది, పెంకే దానికి ప్యాకింగ్. ముందు రోజే ఆసుపత్రి ఆర్‌ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరుకు) చెప్పి, ఎక్కడ నిలబడాలో అడగాలి. పేషెంటుకు ఆసుపత్రి ఆహారమే ఇవ్వాలని సహాయకులకు చెప్పాలి. చివరి ఇద్దరు ఆకులూ కాగితాలూ ఏరేదాకా ఉండాలి.

పొట్లంతో కరపత్రం ఇవ్వకండి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, తిండి చూపించాడు. ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అవి ముగిశాకే 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. ఆకలితో ఉన్నవాడి చేతిలో అన్నంతో పాటు ఇంకేం పెట్టినా అది ధరలాగే కనిపిస్తుందని ఆయనకు తెలుసు.

రక్తదాన శిబిరాల మీద మాకో పెద్ద ఫిర్యాదు ఉంది: గుడ్ ఫ్రైడే నాడు పెట్టకండి. ఆలోచన గొప్పదే, ఆ రోజుకు తగినదే. కానీ పొద్దున్నించి ఉపవాసం, పన్నెండు నుంచి మూడు దాకా ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, ఫ్యాన్లు చాలని గుడి, పైన ఎండ. గంజి తాగకముందే బల్ల మీద పడుకోబెడతారు. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు, నాలుగు గంటల లోపు ఏదైనా తిని ఉండాలి. ఇద్దరు కళ్లు తిరిగి పడితే వరుసలో ఉన్న పదిమంది మెల్లగా ఇంటికి పోతారు, మరుసటి ఏడాదీ రారు. శిబిరం ఈస్టర్ తర్వాతి శనివారం ఉదయం టిఫిన్ అయ్యాక పెట్టండి. ఉపవాసం మిగిల్చిన డబ్బును గుడ్ ఫ్రైడే కానుకగా ఇవ్వొచ్చు, రక్తం మాత్రం తిని ఇవ్వాలి.

ఒకేరోజు వందమందితో ఇప్పించడం కూడా అంత మంచిది కాదు. ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులు. ఆ వందమందిలో మగవాళ్లు మళ్లీ మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఇవ్వలేరు. ఏప్రిల్ మొదట్లో అందరూ ఇచ్చేస్తే, కాలేజీలకు సెలవులిచ్చి రక్తం కరువయ్యే మే నెలలో మన సంఘమంతా ఖాళీ. రాజేంద్రనగర్ వైపున్న థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, జీవితాంతం రక్తం ఎక్కించాలి. పండుగను బట్టి వాళ్ల అవసరం రాదు. దాతల జాబితా గ్రూపుల వారీగా రాసుకుని, 120 మంది ఉంటే నెలకు పదిమందిని పంపండి. పద్దెనిమిది నిండాలి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మన ఆడపిల్లల్లో చాలామంది ఈ చివరి అంకె దగ్గరే వెనక్కి వస్తారు. వాళ్లను 'పర్లేదు తల్లీ' అని పంపేయకుండా డాక్టరు దగ్గరికి పంపడం కూడా సేవే.

చివరగా, ఎవరి త్యాగం మీద మన సంఘాలు నడుస్తున్నాయో చూడండి. గంట కొట్టి, బెంచీలు తుడిచి, రాత్రి కాపలా కాసే చర్చి వాచ్‌మన్‌కు 'దేవుని పని కదా' అని తక్కువ జీతం ఇవ్వడం త్యాగమే, కాకపోతే అది అతనిది, మనం లాక్కున్నది. బడ్జెట్ రాసేటప్పుడు అతని జీతం, వారపు సెలవు, ఆరోగ్య బీమా మొదటి వరుసలో రాయండి, పూలు చివరి వరుసలో. ప్రేమవిందులో పొద్దున నాలుగింటి నుంచి ఉల్లిపాయలు కోసేది ఎప్పుడూ ఆ నలుగురు ఆడవాళ్లే, కృతజ్ఞతలు చెప్పేది ఎప్పుడూ మగవాళ్లే. ఏ బాధ్యతైనా ఒకరి దగ్గర రెండేళ్లు దాటకుండా, పక్కన నేర్చుకునేవాళ్లు ఒకరు ఉండేలా చూడకపోతే, అలసిపోయిన ఆ నలుగురు ఒకరోజు ఏమీ అనకుండా వేరే సంఘానికి వెళ్లిపోతారు. మెదక్ గుడి కట్టినప్పుడు కరువులో పనిచేసినవాళ్లకు మిషనరీ పాస్నెట్ దొర కూలీ, తిండి చూపించాకే 1924 క్రిస్మస్‌కు తలుపులు తెరిచారు.

ఈ ఉత్తరం మీ తర్వాతి కమిటీ సమావేశం ఎజెండాలో పెట్టించండి. అన్నీ ఒకేసారి అక్కర్లేదు, ఇద్దరి లెక్క, నోటీసు బోర్డు షీటుతో మొదలుపెట్టండి. షీటు గీయడం రాకపోతే మాలో ఇద్దరు ఏ శనివారం సాయంత్రమైనా వచ్చి కూర్చుని నేర్పించి వెళ్తారు. టీ ఇస్తే చాలు. ఆ టీ డబ్బులు పళ్లెంలోంచి తీయకుండా ఓచర్ మీద రాయండి.

ఇట్లు,
కానుకల బల్ల దగ్గరి మీ తోటి పరిచారకులు
హైదరాబాద్